ఒక్క రోజు, పది చీరలు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మామ్మ జగ్గమ్మ, అమ్మ గౌరి, పట్నం నుంచి వచ్చిన మేనమామ చినబాబు, పదో తరగతి చదివే యమున. గుమ్మంలో ఒక నల్లకోడి. నాన్న దాలయ్య లేడు. ఆగస్టులో గుజరాత్ వెళ్ళి వేటబోటు ఎక్కినవాడు మళ్ళీ మే నెలలోనే రావడం.

బడికి క్రిస్మస్ సెలవులిచ్చారు. పొద్దున్నే అమ్మ ట్రంకుపెట్టె తెరిచి చీరలన్నీ మంచం మీద పరిచింది. ఎనిమిదున్నాయి. ఎదురింటి సోములు పెళ్ళాన్ని అడిగి ఇంకో రెండు తెచ్చింది.

“ఒసే యమునా, మావ ఫోను తీసుకో. పది ఫోటోలు తియ్యాల. పదీ పది రోజుల్లో తీసినట్టుండాల.”

సంగతేమిటంటే, నాన్న బోటుకి ఇంజను చెడింది. పది రోజులు రేవులోనే ఉంటుంది. చినబాబు వచ్చిన దగ్గర్నుంచి రోజూ ఇంటి ఫోటో ఒకటి నాన్న తోటివాడి ఫోనుకి పంపుతున్నాడు. నాన్నకది అలవాటైపోయింది. ఒక్కరోజు రాకపోతే ఇంట్లో ఏదో అయిందనుకుంటాడు. చేతిలో పని లేదు, ఎదురుగా రైల్వేస్టేషను.

కిందటేడు అలాగే అయింది. మామ్మకి కాలు బెణికిందని ఫోనులో యమునే నోరు జారింది. నాన్న ఆ సాయంత్రమే రైలెక్కేశాడు. సీజను మధ్యలో దిగిపోయాడని తండేలు మండిపడ్డాడు. బోటు నడిపేవాడు అతనే, ఎవర్ని ఎక్కించుకోవాలో చెప్పేదీ అతనే. ఈ ఏడు కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకున్నాడు. ఇంకోసారి దిగితే ఏ బోటూ ఎక్కనివ్వనన్నాడు.

ఈ పది రోజులూ గడిచి బోటు సముద్రంలోకి వెళ్ళిపోతే చాలు. అక్కడికి ఏ కబురూ అందదు.

“రోజుకొకటి తీస్తే పోదేటి?” అంది యమున.

“మావ రేపు ఎల్లిపోతాడు. ఫోనూ ఎల్లిపోద్ది. రోజుకొకటి అక్కణ్ణుంచే పంపుతాడు.”

ఎర్రచీరలో అమ్మ చేపలు తోమింది. నీలంచీరలో ముగ్గేసి గొబ్బెమ్మ పెట్టింది. పూలచీరలో ఎండుచేపలు తిరగేసింది. మూడింట్లోనూ నల్లకోడి పడింది.

“దాన్ని బుట్ట కిందెయ్యండి,” అన్నాడు చినబాబు. “బావ నిన్ను సూడ్డప్పా. కోడి ఉన్నాదా, కోసీసినారా అని సూస్తాడు.”

మామ్మ మూతి తిప్పింది. “మొగుడు ఉప్పునీళ్ళలో నాన్తంటే ఈవిడకి పూటకో సీర!”

“నువ్వూ రా అత్తా,” అంది అమ్మ.

“నాకున్నవి రెండే సీరలు. రెండు రోజులకి నన్ను ఏసుకోండి.”

యమునకి మాత్రం నవ్వు రాలేదు. ఎవరైనా ఫోటోకి ఫోను ఎత్తితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే మనిషి అమ్మ. ఇవాళ ప్రతి ఫోటో దగ్గరికొచ్చి చూస్తోంది. “నవ్వు బాగా నేదు. మళ్ళీ తియ్యి,” అంటోంది. నీడలన్నీ ఒకే వైపు పడుతున్నాయని యమున చెబితే, మధ్యాహ్నానికి కొన్ని, సాయంత్రానికి కొన్ని ఆపించింది.

ఏడో చీరకి అమ్మ అరుగు మీద చతికిలబడింది. అంత చలిలోనూ నుదుటి మీద చెమట.

“సాలప్పా. ఏడు సాలు,” అన్నాడు చినబాబు.

“పది రోజులన్నారు గదరా.”

“ఎవలన్నారు?” అంది యమున.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. “ఎవలేటి, తండేలే,” అన్నాడు చినబాబు.

పదో ఫోటో అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు చెప్పింది అమ్మ.

“రేపు మనవూ మావతో పట్నం ఎల్తన్నాం. సెలవులు గదా.”

“అదీ సంగతి!” మామ్మ చేతులు తిప్పింది. “ఊరు సూడ్డానికన్నమాట ఈ తయారీ!”

“అయితే ఫోటోలు అక్కడే తీసుకోవచ్చు గదమ్మా?”

“అక్కడ మేడలు పడతాయి. మనం ఇంట్లో ఉన్నట్టే ఉండాల. మీ నాన్న అడిగినా అలాగే సెప్పాల.”

యమునకి ఒళ్ళు మండింది. నాన్న అక్కడ నీళ్ళలో, అమ్మ ఇక్కడ షికారు. పైగా అబద్ధం తను చెప్పాలి. పొద్దున్న బస్సులో అమ్మ పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. నరసన్నపేటలో అమ్మ వేరుశనక్కాయలు కొని అందిస్తే తీసుకోలేదు. మావ ఫోను తన ఒళ్ళోనే ఉంది. ఒక్కసారి నొక్కితే నాన్న పలుకుతాడు. నిజం చెప్పేస్తే ఏమవుతుంది? రైలెక్కుతాడు. వేలు వెనక్కి తీసుకుంది.

నాలుగో రోజు పొద్దున్న, పట్నంలో, నాలుగో చీర ఫోటో పంపింది. నిమిషం తిరక్కుండా నాన్నే ఫోను చేశాడు.

“మీ యమ్మేదే?”

“నీళ్ళకెల్లింది నాన్నా.”

“రాత్రి నిద్దర పట్టనేదు. మనసు మనసులో నేదు. బోటు ఎలాగూ కదల్దు, ఓసారి ఒచ్చి సూసి ఎల్దునా అనుకుంటన్నాను. నువ్వు నాకాడ ఏదీ దాయవు. సెప్పు, మీ యమ్మ బాగున్నాదా?”

యమున ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“ఫోటోలో ఉన్నట్టే ఉన్నాది నాన్నా. రాకు.”

“మరైతే ఉంటాను,” అన్నాడు దాలయ్య.

ఆ మాట అమ్మకి చెబుదామని యమున పరుగెత్తేసరికే, ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టిన అమ్మని లోపలికి తోసుకెళ్ళి, నర్సు ఆపరేషను గది తలుపు యమున మొహం మీదే మూసేసింది.