చేప పథ్యం

“ఇది జబ్బు కాదు సార్, దిష్టి,” అంది తిరుమలమ్మ.

గంగాధరం తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. లోపల ఎర్రటి గోల్డ్‌ఫిష్ ఒక్కటే ఉంది. రెక్కలు ఒంటికి అంటించుకుని, కిందున్న గులకరాళ్ళకు డొక్క రుద్దుకుంటోంది. తోక మీద, మొప్పల మీద ఉప్మారవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. చేపలు పెంచే ఎవడికైనా చూడగానే తెలిసే జబ్బు. ఈ పాకాల ఊళ్ళో దిష్టి తప్ప మరో రోగం పేరు తెలిసినవాళ్ళు పుట్టరు కాబోలు అనుకున్నాడు.

ఆయన కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఎవరి లోపలేముందో ముఖం చూసి చెప్పగలనని ఆయన నమ్మకం. చాలామంది లోపల చెప్పుకోదగ్గదేమీ ఉండదని కూడా తేల్చుకున్నాడు. అందుకే ఇంట్లో మనుషులకు బదులు చేపలను పెట్టుకున్నాడు. ఈ ఇంటి గడప తొక్కింది కూడా, తిరుమలమ్మ మొగుడు మునిచంద్ర మంచం మీది నుంచి ఫోన్ చేసి బతిమాలితేనే.

మునిచంద్రకు గుండె కవాటం చెడింది. రాయవేలూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్. ఆ సంగతి తెలిసిన వారమే, ఇంట్లో వాస్తు చేప ఉండాలని ఎవరో చెప్తే తిరుమలమ్మ తిరుపతి నుంచి దీన్ని తెచ్చిపెట్టింది. మునిచంద్ర రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు తప్ప మరొకటి నింపాదిగా చూసిన మనిషి కాదు. ఇప్పుడు పగలంతా చేపనే చూస్తున్నాడు.

“నేను తిరిగొచ్చేదాకా ఇది ఉండాల సార్,” అన్నాడు ఆయాసపడుతూ. “దీన్ని సూస్తా పండుకుంటే భయం తెలీదు.”

“దానికింత యాతన ఎందుకు సార్? పోయేది పోతాది,” అంది తిరుమలమ్మ. పక్కవీధి హేమశ్రీ వాళ్ళింట్లో చేప చచ్చిన రోజే వాళ్ళ కొడుకు బండి లారీ కింద పడిందట. పిల్లవాడి ఒంటి మీద గీత కూడా లేదట. ఇంటి మీదికొచ్చినదాన్ని చేప తన మీదేసుకుని పోతుందని ఆమె చాలా శ్రద్ధగా వివరించింది.

“అంటే యముడికి చేపకూ మనిషికీ తేడా తెలీదన్నమాట,” అన్నాడు గంగాధరం. “గుమ్మానికి పేర్లు రాసి పెట్టమ్మా, పొరపాటు పడకుండా.”

మునిచంద్ర నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గు తెర వచ్చింది. తిరుమలమ్మ నవ్వలేదు. వెటకారం అర్థం కావాలన్నా కాస్త బుర్ర ఉండాలి మరి, అనుకున్నాడాయన.

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. కల్లుప్పు కొలిచి, కరిగించి పోశాడు. చిన్న హీటరు పెట్టి నీళ్ళు మెల్లగా వెచ్చబరిచాడు. పావు వంతు నీళ్ళు మాత్రం తీసి, ముందురోజు బక్కెట్లో నిలవబెట్టిన నీళ్ళు నింపాడు. చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి. చేప రెక్కలు విప్పుకుంది. మేతకు పైకి రావడం మొదలుపెట్టింది. ఈలోగా పరీక్షలకని మునిచంద్రను తమ్ముడు రాయవేలూరు తీసుకెళ్ళాడు. ఆపరేషన్ రోజు పొద్దున రైలుకు తిరుమలమ్మ వెళ్ళాలి.

ఆ ముందు సాయంత్రం గంగాధరం చేతులు తుడుచుకుంటూ, “గట్టెక్కింది. నీ మొగుడికి ఫోన్ చేసి చెప్పు,” అన్నాడు.

తిరుమలమ్మ తొట్టి ముందు కూలబడింది. ముఖంలో నెత్తురు లేదు. “ఇంక దీనికేమీ కాదా సార్?”

సంతోషానికీ ఏడుపుకూ ఒకటే ముఖం ఈ జనానికి. “నువ్వు తెలివితక్కువ పని చెయ్యకుంటే కాదు.”

“ఏమేం చెయ్యగూడదు సార్?”

ఆయన నిట్టూర్చి మొదలుపెట్టాడు. నీళ్ళన్నీ ఒకేసారి మార్చకూడదు. కుళాయి నీళ్ళు పట్టినవి పట్టినట్టు పోయకూడదు, బ్లీచింగు ఉంటుంది. ఉప్పు పొట్లమంతా గుమ్మరించకూడదు. గాలి మోటరు ఆపకూడదు. ఆమె పెదవులు కదిలిస్తూ వింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఉప్పు ఎంతైతే ఎక్కువని అడిగింది. మోటరు ఎంతసేపు ఆగితే ప్రమాదమని అడిగింది. పలక పట్టిన పిల్లకు చెప్పినట్టు అన్నీ మళ్ళీ చెప్పాడు. జల్లెడలో నీళ్ళు పోస్తున్నట్టుంది.

“బాధపడతాదా సార్ అది?”

“నేను చెప్పింది నీ తలకెక్కితే, అది బాధపడే పనే ఉండదు.”

తెల్లారి, తాళంచెవి తీసుకుని చేప మేత బాధ్యత చూసుకుందామని వచ్చాడు. తిరుమలమ్మ తలస్నానం చేసి, సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఫోన్‌లో మరిది మాట బయటికే వినిపిస్తోంది. అన్నను ఇప్పుడే లోపలికి తీసుకుపోయినారట.

“సరేప్పా. దిగులుపడొద్దు,” అంది ఆమె, ఎన్నడూ లేనంత నెమ్మదిగా.

గంగాధరం తొట్టి వైపు తిరిగాడు. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. బ్లీచింగు వాసన గుప్పుమంది. పక్కన ఉప్పు పొట్లం ఖాళీగా పడి ఉంది. మోటరు తీగ పీకి, చక్కగా చుట్ట చుట్టి ఉంది. చేప మాత్రం స్టీలు పళ్ళెంలో, కొత్త రవికెగుడ్డ మీద ఉంది. నుదురుండాల్సిన చోట పసుపు, కుంకుమ.

ఊరికెళ్ళే ముందు ఇల్లు కడిగినట్టు తొట్టినీ కడిగేసిందన్నమాట. చంపేసి, పైగా పూజ. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

“గోడకు చెప్పినా ఈపాటికి వచ్చుండేది. రెండుసార్లు చెప్పానే, ఒక్క ముక్కైనా గుర్తుందా నీకు?”

తిరుమలమ్మ పళ్ళేనికి దణ్ణం పెట్టి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

“ఒక్కటి గూడా మర్చిపోలేదు సార్.”