మూడో చెవి

"ఇన్‌స్పెక్టరు మీ ఫోను విన్నాడనడానికి రుజువేది?"

రాయపూర్ నుంచి వచ్చిన విచారణాధికారి హిందీలో ఆ మాట అడగడం ఇది నాలుగోసారి. ఉక్కు ప్లాంటులో కరిగిన ఇనుము పక్కన ఇరవయ్యేళ్లుగా నిలబడ్డ సూర్యప్రకాష్, ఆ గెస్ట్‌హౌస్ గదిలో ఫ్యాను కింద కూచుని చెమటలు కక్కుతున్నాడు. పక్కన అతని భార్య హేమమాలిని మాత్రం పేరంటానికొచ్చినట్టు కుదురుగా కూచుంది.

ఎదుటి కుర్చీ ఖాళీ. నిఘా ఇన్‌స్పెక్టరు నరసింగరావు పదింటికి రావాలి. పదీ ఇరవై అయింది. విచారణ అతనిమీదే, అయినా రావడానికి తీరిక లేదు దొరగారికి. సూర్యప్రకాష్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఆయన నోటి మాటే రుజువు సాబ్," అన్నాడు. "మా ఆవిడకి రొమ్ములో గడ్డ ఉందని, కోసి తియ్యాలని డాక్టరమ్మ చెప్పింది. నేను కంగారుపడతానని తను నాక్కూడా చెప్పలేదు. విజయనగరంలో ఉన్న అక్కకి ఫోన్ చేసి చెప్పుకుని ఏడ్చింది. అంతే. మర్నాడు మరోదా రోడ్డు మీద ఇన్‌స్పెక్టరు నా స్కూటరాపి, 'మీ ఆవిడకి ఆపరేషనంట కదా, ఇలాంటప్పుడు నీకీ యూనియన్ గొడవలెందుకు?' అన్నాడు. నా పెళ్లాం జబ్బు సంగతి నేను పోలీసు నోట విన్నాను సాబ్."

గోడలకి చెవులుంటాయని పెద్దవాళ్లు చెప్పారు గానీ, తమ సెక్టర్ 4 క్వార్టర్లో ఫోనుకి కూడా మొలుస్తాయని ఎవరూ చెప్పలేదు పాపం.

అధికారి చెడ్డవాడు కాదు. కానీ కాగితం మనిషి. కాగితం మీద లేనిది అతని కంటికి ఆనదు.

"డాక్టరు ఎవరికో చెప్పి ఉండొచ్చు. మీ వదిన ఇంకెవరితోనో అని ఉండొచ్చు," అంటూ, ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదన్నట్టు నవ్వాడు. "ఎవరి ఫోనూ వినలేదని ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి రాసిచ్చాడు. రుజువు లేకపోతే మీది ఉత్త అభాండం. దానికి మీ ఉద్యోగం పోతుంది, తెలుసా? అయినా తప్పు చెయ్యనివాళ్లకి, ఎవరు వింటే మాత్రం భయమేమిటి?"

అప్పుడు నోరు విప్పింది హేమమాలిని.

"సాబ్, మీ ఇంట్లో స్నానాల గదికి తలుపుందా?"

"ఉండదా మరి?"

"లోపల దొంగసొత్తేమైనా దాచారా?"

మూల కూచుని రాసుకుంటున్న గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. అధికారి ముఖం కందిపోయింది.

"మాటలు బాగానే నేర్చారు. నాకు కావలసింది రుజువు. లేదంటే ఇప్పుడే ఫైలు మూసేస్తాను."

"మూసేద్దురు గాని. ముందు ఇన్‌స్పెక్టరు గారు ఎందుకు రాలేదో ఒక్కసారి కనుక్కోండి సాబ్."

అధికారికీ ఆ ఖాళీ కుర్చీ మీద కోపంగానే ఉంది. గుమాస్తాకి కళ్లతో సైగ చేశాడు. అతను స్టేషన్‌కి ఫోన్ చెయ్యడానికి పక్కగదిలోకి వెళ్లాడు.

"ఏటే, ఆడొస్తే మనకేటి, రాపోతే ఏటి?" అని తెలుగులో గొణిగాడు సూర్యప్రకాష్. "ఉద్యోగం ఊడేలాగుంది."

"మీరూరుకోండి," అంది హేమమాలిని, కొంగు సర్దుకుంటూ.

గుమాస్తా తిరిగొచ్చాడు. ముఖం ఒకలా ఉంది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్ నెహ్రూ నగర్‌లో ఉన్నారట సర్. పొద్దుట్నుంచీ రెండు జీపులతో దాలయ్య టెంట్‌హౌస్ గోడౌన్ని చుట్టుముట్టి ఉన్నారట. యూనియన్ వాళ్లంతా పదింటికి అక్కడ చేరి రహస్య కాగితాలు తగలబెడతారని, అందుకే వీళ్లు విచారణకి రావడం లేదని పక్కా ఖబర్ అందిందట."

"వీళ్లిక్కడే ఉన్నారు కదయ్యా. ఏమైనా దొరికిందా?"

"షామియానాలు, వంట గుండిగలు సర్. ఒక్కో గుండిగా బోర్లించి చూస్తున్నారట."

"ఆ ఖబర్ ఎవరిచ్చారు?"

"ఎవరికీ తెలీదట సర్."

"ఇచ్చింది నేను," అని లేచి నిలబడింది హేమమాలిని. "నిన్న సాయంత్రం ఇంట్లో ఒక్కదాన్నే తలుపులేసుకుని, విజయనగరం ఫోన్ చేసి చెప్పాను. అంతా నేనల్లిందే. మా ఆయనక్కూడా తెలీదు."

సూర్యప్రకాష్ పెళ్లాం వంక నోరు తెరుచుకుని చూశాడు. భయమంతా ఎటుపోయిందో తెలీదు. ఈ మనిషి నా మనిషి అని ఊరంతా వినేలా అరవాలనిపించింది అతనికి.

అధికారి కలం మూత తీశాడు. రాయబోయి ఆగాడు.

"చిక్కంతా మళ్లీ అక్కడే ఉంది బహన్‌జీ. మీ అక్క ఆ మాట ఇంకెవరి చెవినా వెయ్యలేదని ఏమిటి నమ్మకం?"

"అక్క విన్లేదు సాబ్. సరిగ్గా ఆరింటికి ఫోనెత్తి పెద్దమ్మ చేతికిచ్చి నువ్వు వీధిలోకి వెళ్లిపో అని అక్కకి ముందే ఉత్తరం రాశాను. నేను మాట్లాడింది మా పెద్దమ్మ అప్పయమ్మతో."

"అయితే ఆ పెద్దమ్మే ఎవరితోనో అని ఉండొచ్చు కదా?"

"ఎలా అంటుంది సాబ్? ఆవిడకి పదేళ్లుగా బ్రహ్మచెవుడు."