ఇడియట్ అంటే అర్థం

"ఇడియట్ అంటే ఏంటో మీలో ఎవరికైనా తెలుసా?"

ఓట్లడగడానికి వెళ్ళిన ప్రతి వీధిలోనూ భీమరాజు ఇదే అడిగాడు. ఎవరూ చెప్పలేదు. చెబుతారని అతనూ అనుకోలేదు. ఇంగ్లీషు ఎమ్మే చదివిన తను సర్పంచిగా నిలబడటమే ఈ ఊరు చేసుకున్న పుణ్యమని అతని ఉద్దేశం.

"పూర్వం గ్రీసు దేశంలో, ఊరి సంగతి పట్టకుండా తన గొడవ తను చూసుకునేవాణ్ణి ఇడియోటీస్ అనేవారు. అదే ఇంగ్లీషులోకొచ్చి ఇడియట్ అయింది. అంచేత, ఓటెయ్యనివాడు ఇడియట్! బుర్రకెక్కిందా?"

"ఆయ్, ఎక్కిందండి," అనేవారు జనం.

పోలింగు రోజు తెల్లారకముందే స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. చెమటలు కక్కుతున్న ఆ క్యూ వంక చూసి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నెమ్మదిగా నడిచొచ్చేవాళ్ళని పేరుపెట్టి తిట్టాడు. మధ్యాహ్నం దాటాక భార్య వీరవేణి వచ్చి, "రండి, ఆలస్యమైపోతోంది," అంది.

"ఉండవే. ముందు ఈ మందని లోపలికి తోలనీ."

మూడున్నరకి పోలింగు ముగిసి గేటు మూశారు. చీకటిపడేసరికి లెక్క తేలింది. అతనికి పోటీగా నిలబడ్డ, కడియం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టుకునే తాతాజీ ఒక్క ఓటుతో గెలిచాడు. మళ్ళీ లెక్కపెట్టించినా అంతే.

బూత్‌లో భీమరాజు తరఫున ఏజెంటుగా కూర్చున్న అబ్రహాము నసిగాడు. "మన వీధిలో అందరూ వేశారండి. ఒక్కరే..."

"ఆ ఒక్కటీ పడుంటే సమానమయ్యేది కదరా! చీటీ తీస్తే నేనే గెలిచేవాణ్ణి. ఎవడా ఇడియట్?"

"అదేనండి, నేను చెప్పేది..."

"నోరుముయ్యి. నేనే పట్టుకుంటా."

ఇంటింటి తలుపూ బాదాడు. "వేలు చూపించు!" అన్నాడు. అందరి వేళ్ళకీ సిరా ఉంది. మంచం దిగలేని వీరమ్మ కూడా దుప్పట్లోంచి నల్లటి వేలు బయటపెట్టి, "కుర్చీలో మోయించుకుని మరీ వెళ్ళి నీకే వేశాను బాబూ," అంది. భీమరాజు అప్పటికే పక్కింటి తలుపు బాదుతున్నాడు.

చివరికి సొంతింట్లోకే దూసుకొచ్చాడు. "నువ్వేనా? చూపించు!"

వీరవేణి తన వేలు చూపించింది. సిరా ఉంది.

"మరెవడే?"

ఆవిడ అతని ఎడమచెయ్యి పట్టుకుని లైటు కిందికి లాగింది. చూపుడువేలు సిరా చుక్కయినా లేకుండా తెల్లగా మెరిసిపోతోంది.