నీదొక బుక్క, నాదొక బుక్క

“గీ ఒక్క బుక్క తిను నానమ్మా.”

“ఆకలైతలేదు బిడ్డా.” లస్మవ్వ మూతి తిప్పుకుంది.

పెర్కిట్ ఊరు దాటాక వాళ్ల కల్లంలో ఉడికిన పసుపు ఎండుతోంది. రజిత జొన్నరొట్టె ముక్క పట్టుకుని నానమ్మ ఎదుట కూర్చుంది. ఎండ మాడ్చేస్తున్నా ఆ పిల్ల స్వెటర్ విప్పలేదు. హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చినప్పటి నుంచీ అదే వేషం. లస్మవ్వ మాత్రం పొద్దున్నుంచి పసుపు కుప్పలు తిరగేస్తూనే ఉంది. తిండి మానేసిన మనిషికి అంత సత్తువ ఎక్కడిదో రజితకు అంతుపట్టలేదు. ఏ క్షణాన పడిపోతుందోనని భయం మాత్రం పీకుతోంది. నానమ్మంటే ఆమెకు ప్రాణం.

“ఆకలైతలేదని చెప్పేది మెదడు,” అంది. “నిజామాబాద్‌ల డాక్టర్ చెప్తుంటే నువ్వు గూడ ఇన్నవ్ గద. తిండి అందకపోతే మెదడు పొదుపు మొదలువెడ్తది. ఉన్న పనులు తగ్గించుకుంటది. ఆకలి మర్పిస్తది, ఉల్టా తిండంటెనే భయం వెడ్తది. బుక్కబుక్క లోపలికి పోతెనే మల్ల దారికొస్తది.”

“మస్తు చెప్పినవ్. కల్లంల ఒక్కలే తింటె లచ్చిమి అలుగుతది. నీదొక బుక్క, నాదొక బుక్క.”

“రోజు గిదే లొల్లి నీతోని.”

రజిత ఒక ముక్క తన నోట్లో వేసుకుని, ఇంకోటి నానమ్మ నోట్లో కుక్కింది. లస్మవ్వ పచ్చటి వేలితో మనవరాలి ముక్కు మీద బొట్టు పెట్టింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల్లోనే రొట్టెల డబ్బా ఖాళీ అయిపోయింది.

రజిత డబ్బాలోకి ఇంకోసారి చూసింది.

“అయిపోయినయా? నాకింక ఆకలైతుంది. జర ఆగు, ఇంటికి పోయి తెస్త.”

ఉక్కపోస్తోందంటూ స్వెటర్ విప్పి మంచం మీద పడేసి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

పక్క కుప్ప దగ్గర పని చేస్తున్న లస్మవ్వ కొడుకు స్వామి పరుగున వచ్చాడు. సంతోషం పట్టలేక కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఇగనన్న పంతం ఇడ్సి కడుపునిండ తింటవా అవ్వా?”

లస్మవ్వ మనవరాలి స్వెటర్‌ను మెల్లగా మడతపెట్టింది.

“పొద్దుగాల్నే తిన్న కొడుకా. రోగం నీ బిడ్డది గద.”