పసుపు అంటిన కార్డు

ప్రతి ఇంటి గోడకూ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న కంప్యూటర్ లాంటి ప్లగ్గు పెట్టె ఉన్న కాలమది. ఆపరేషన్‌లో గొంతు పోయిన బంగారయ్య పలక మీద రాస్తే, పెట్టె ఆయన పాత గొంతుతో పలికేది. దసరా పొద్దున అది మూగబోయింది.

"లినక్స్ మళ్ళీ ఎక్కిస్తే తాతయ్య గొంతు చెరిగిపోతుంది నాయనమ్మా," అంది మనవరాలు వకుళ బెదురుగా. పెట్టె పక్క చీలికలోంచి, ఆ గొంతు దాచిన మెమరీ కార్డు తీసి చూస్తే దాని నిండా పసుపే.

"నిన్న ఆయుధపూజ కదే! పెట్టెకూ తడి పసుపు రాసి బొట్టు పెట్టాను," నసిగింది నాయనమ్మ.

వకుళ కార్డును రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్ళీ పెట్టింది. పచ్చదీపం వెలిగింది. తాతయ్య పలక అందుకున్నాడు.

"ఏమేవ్, నా నోరు మూయించడానికి ఇన్నాళ్ళకు దారి దొరికిందా?" అంది పెట్టె.

నాయనమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కుంకుమ భరిణె తెచ్చి, ఈసారి పెట్టె జోలికి పోకుండా, వకుళ పది వేళ్ళకూ బొట్టు పెట్టింది.