స్కాన్ అయ్యేదాకా

ప్రదీప్ కంప్యూటర్ మీట నొక్కి అరగంటయింది. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది.

కిటికీ అవతల సుభద్రమ్మ నిలబడి ఉంది. పక్క వీధి నర్సింగ్‌హోంలో ఆమె కూతురు మంజులకు తెల్లారుతూనే కాన్పయింది. బిడ్డ బాగుంది. తల్లికి రక్తం ఆగడం లేదు.

"ఓ నెగెటివ్ రక్తం ఒక్క ప్యాకెట్టూ ల్యాదమ్మా. ఇచ్చేటోళ్ల పేర్లన్నీ దీంట్లోనే ఉండాయి. తెరుచుకుంటానే ఫోన్ జేస్తా. నువ్వు కూతురి కాడికి పో."

"నీ కాళ్లు మొక్కుతా నాయనా, బిరీన సూడు."

ఆమె పరుగెత్తింది.

ఆదోనిలోని ఆ ప్రైవేటు బ్లడ్ బ్యాంకులో ప్రదీప్ చేరి రెండు నెలలే. కంప్యూటర్ మాత్రం పన్నెండేళ్ల ముసలిది. పోయినేడు వైరస్ పడిందని యజమాని పాత యాంటీవైరస్ మీదే ఇంకోటి వేయించాడు. రెండు కుక్కలుంటే కాపలా గట్టిదని ఆయన తెలివి. పొద్దున లేస్తూనే ఆ రెండు కుక్కలూ ఒకదాన్నొకటి వాసన చూసుకుంటాయి. ఆ స్కాన్ అయ్యేదాకా ఏదీ తెరుచుకోదు. ఆపాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది ఆయన దగ్గరుంది. ఆయన ఫోన్ తీయడు.

పేర్లు రాసిన పాత పుస్తకాలా? కంప్యూటర్ ఉండగా అవెందుకని పాత పేపర్లవాడికి వేసేశారు.

"అప్పా, పాత సారు ల్యాడా?"

ఎవరో నడివయసు మనిషి. మాసిన పంచె, చెప్పుల నిండా దుమ్ము.

"రిటైరైనాడు. ఏం కావాల?"

"నా పేరు దాంట్లో ఉంటాది. ఒకపారి సూస్తే..."

"రిపోర్టా? కంప్యూటర్ తెరుచుకోల్యా. కూసో."

"రిపోర్టు కాదప్పా, నేను..."

"ఏదైనా అంతే! అది తెరుచుకోందే నీ పేరు తీస్కోని నేనేం జేసుకోవాల?"

ఆ మనిషి బెంచీ అంచున కూర్చున్నాడు.

బయట బొలెరో హారన్ కొట్టింది. దాన్నిండా మూటలు, వంటసామాన్లు, ఆడవాళ్లు, చంటిపిల్లలు. సుగ్గికి పోతున్న జనం. ఈ పడమటి పల్లెల్లో సుగ్గి అంటే పండగ కాదు. వానలు మోసం చేసినాక ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరపకోతలకు పోవడం.

ప్రదీప్ ఫోన్ మోగింది. నర్సింగ్‌హోం నర్సు హేమ.

"అన్నా, ఎవరన్నా దొరికినారా? బీపీ పడిపోతాంది."

"యాంటీవైరస్ తిరుగుతాంది సిస్టర్. నలభై శాతం అయింది. ఎమ్మిగనూరులో అడిగినా, ల్యాదన్నారు. కర్నూలు నుంచి బండొస్తాంది. రెండు గంటలు పడ్తాది."

"రెండు గంటలా!"

ఫోన్ పెట్టగానే బెంచీ మీది మనిషి అడిగాడు.

"ఎవరికన్నా బాగల్యాదా అప్పా?"

"నీకెందుకు? నీ పని సూసుకో."

బయట బొలెరో దగ్గర కూలీల మేస్త్రీ దుర్గప్ప గొంతు చించుకున్నాడు.

"ఏమప్పా, గుంటూరు పోయేదా, ఈడే కాపురం పెట్టేదా?"

ఆ మనిషి లేచాడు.

"ఇంకెంతసేపప్పా?"

"నన్నెందుకు అడుగుతావ్? దాన్నే అడుగు."

ఆ మనిషి కంప్యూటర్ వైపు చూశాడు.

"మిషిన్ సెప్తే గాని మనిషి మాట యినరు మీరు," అన్నాడు నెమ్మదిగా. "పోతాండా. ఈ యేడు కుదర్ల్యాదని సారుకు సెప్పు."

ప్రదీప్ తల కూడా ఎత్తలేదు. బొలెరో ఎమ్మిగనూరు దోవ పట్టింది.

డెబ్భై శాతం. ఎనభై. తొంభై ఆరు దగ్గర పది నిమిషాలు ఆగింది.

దానికి ఏ జబ్బూ లేదని తేలాకే తెరుచుకుంది.

ప్రదీప్ ఓ నెగెటివ్ అని కొట్టాడు. ఒకే ఒక్క వరుస వచ్చింది.

కాశప్ప. పెద్దతుంబళం. పదకొండుసార్లు ఇచ్చాడు.

ఫోన్ నంబరు గడి ఖాళీ.

అప్పుడే హేమ ఫోన్. వెనక సుభద్రమ్మ ఏడుపు.

"అన్నా... ఇంక ఎతకొద్దులే."

ప్రదీప్ కళ్లు ఇంకా ఆ వరుస మీదే ఉన్నాయి.

చివరి గడిలో పాత సారు రాసిపెట్టాడు: "ఫోన్ లేదు, పిలవనక్కర్లేదు, ఏటా సుగ్గి బండి పోయే పొద్దున తనే దిగి వచ్చి రక్తమిచ్చి పోతాడు."