బ్రేకు పడేలోపు

ఆ రోజు కూడా ముసలాయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఈ మధ్య తరచుగా వస్తున్నాడు. పాఠం అయ్యేదాకా మాస్టారిని కళ్ళార్పకుండా చూస్తాడు, గంట కొట్టగానే వెళ్ళిపోతాడు. ఊసుపోక వస్తున్నాడు కాబోలని లెక్కల మాస్టారు కూడా ఊరుకున్నాడు.

మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు ప్లస్ సీ సారు. ఇంటిగ్రేషన్ చేశాక చివర 'ప్లస్ సీ' రాయడం మరిచిపోయారంటే ఆయన ఎర్రపెన్నుకు పండగే.

"వేగం ఎలా మారిందో తెలిస్తే చాలదర్రా! బండి ఎక్కణ్ణుంచి మొదలైందో కూడా తెలియాలి. ఆ మొదలే ఈ సీ," అని రోజూ నూరిపోసేవాడు.

ఆ రోజు పాఠం, త్వరణం నుంచి వేగాన్నీ, వేగం నుంచి దూరాన్నీ రాబట్టడం.

గంట కొట్టబోతుండగా ముసలాయన లేచాడు.

"సార్, ఒక లెక్క అడగనా?"

క్లాసంతా వెనక్కి తిరిగింది.

"అడగండి తాతగారూ," అన్నాడు మాస్టారు, వాచీ చూసుకుంటూ. అవతల ప్రిన్సిపాల్ గదిలో మీటింగుంది.

"బస్సు యాభై పైచిలుకు స్పీడులో పోతోంది సార్. నలభై మీటర్ల ముందు, మాటలు కూడా సరిగా రాని పసివాడు రోడ్డు మీదికి పరుగెత్తాడు. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కేశాడు. పిల్లాడు దక్కాడు. లోపల నిలబడ్డ అమ్మాయి మాత్రం ముందుకు పడి, తలకు దెబ్బ తగిలి పోయింది. అదే మెల్లగా తొక్కి ఉంటే? ఇద్దరూ దక్కేవారా?"

"మెల్లగా అంటే?"

"నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకుని నిలదొక్కుకునేంత."

మాస్టారు చకచకా బోర్డు మీద రాసేశాడు. బస్సు వేగం సెకనుకు పదిహేను మీటర్లు అనుకున్నాడు. మెల్లటి బ్రేకు ఆ వేగాన్ని ప్రతి సెకనుకూ మూడేసి మీటర్ల చొప్పున తగ్గిస్తుందని అంచనా వేశాడు. దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే వేగం. మళ్ళీ చేస్తే దూరం.

"ఇక్కడ సీ సున్నా," అని చెప్పి, ముప్పై ఏడున్నర మీటర్ల కింద గీత గీశాడు.

"నలభైకి ముందే ఆగేది. పిల్లాడికి ఏమీ అయ్యేది కాదు. మీ డ్రైవరు కంగారుపడ్డాడు. పాపం, ఆ అమ్మాయి ఉత్తపుణ్యానికి పోయింది."

"బ్రేకు తొక్కడం రానివాడికి బస్సెవరిచ్చార్రా!" అన్నారెవరో. క్లాసంతా గొల్లుమంది.

ముసలాయన బోర్డు వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ డ్రైవర్ని నేనే సార్. పోయింది మా అమ్మాయి. నా సీటు వెనకే నిలబడి కబుర్లు చెబుతూ ఉండింది."

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు గబుక్కున డస్టరు అందుకుని బోర్డు తుడవబోయాడు.

"పర్లేదు సార్. తెలుసుకుందామనే అడిగాను," అన్నాడు ముసలాయన. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఒక సాయంత్రం మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఎవరో పిల్ల 'సీ సున్నా' అని రాసి చక్కా ముందుకుపోయింది. అలవాటు కొద్దీ మార్కు కోసి, పక్కన 'ఎందుకు సున్నా?' అని రాశాడు.

రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పిల్లాడు కనబడగానే బస్సుకు బ్రేకు పడదు. కన్ను చూడాలి, కాలు కదలాలి, బ్రేకు పట్టాలి. అందాకా బస్సు అదే వేగంతో పోతూనే ఉంటుంది. అందుకు ఒక్క సెకను వేసుకున్నా పదిహేను మీటర్లు. ఆ లెక్కలో సీ అంటే అదే.

ముప్పై ఏడున్నరకు పదిహేను కలిపాడు. నలభై దాటిపోయింది. మెల్లగా తొక్కి ఉంటే బస్సు పిల్లాడి మీదుగా పోయేది. గట్టిగా తొక్కబట్టే వాడికి కాస్త ఇవతల ఆగింది.

ఊళ్ళో పిల్లలందరికీ మార్కులు కోసే మనిషి, కడుపుకోతతో వచ్చిన తండ్రి దగ్గర అదే తప్పు చేశాడు.

బస్సు డిపోలో వాకబు చేసి ఇల్లు పట్టుకున్నాడు. మీ తప్పేమీ లేదండీ, మీ తప్పేమీ లేదండీ అని దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు.

ముసలావిడ తలుపు తీసింది. మాస్టారి ముఖంలోకి పరీక్షగా చూసింది.

"డ్రైవరుగారు ఉన్నారా అమ్మా? నేను లెక్కల మాస్టార్ని."

"లేరు బాబూ. పోయారు. నిద్రలోనే పోయారు."

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏమైనా అన్నారా అమ్మా, ఆఖర్న?"

"ఏముంది, పాప ఫోటో ముందు కూర్చుని, మెల్లగా తొక్కాల్సింది తల్లీ అని ఒకటే గొణుగుడు."

మాస్టారికి ఏడుపు ఆగలేదు.

"నేనే తప్పు చెప్పానమ్మా. ఆయన చేసిందే సరి. అలా తొక్కకపోతే ఆ పిల్లాడు బతికేవాడే కాదు."

"ఆ పిల్లాడెవరో చెప్పలేదా మీతో?"

"లేదమ్మా. ఎవరు?"

ఆవిడ అతని పక్కన కూర్చుని, చేత్తో కన్నీళ్ళు తుడిచింది.

"ఆ పిల్లాడు లెక్కల మాస్టారయ్యాడట, ఎలా చెబుతున్నాడో చూసొస్తానని కదా నాయనా, ఆయన నీ క్లాసుకు వచ్చేది."